గుర్వమ్మ ఉడకబెట్టిన పళ్లు

అన్నాళ్లు ఆకలిని ఓర్చుకున్న గుర్వమ్మ ఒక్క నవ్వును ఎందుకు ఓర్చుకోలేకపోయింది? ఇప్పటికీ నాకు తెలియదు.

మోత్కూరులో మా పక్కిల్లే వాళ్లది. మగ్గాల ఇల్లు. పట్టునూలును సబ్బు, సోడా వేసి ఉడికించి జిగురు వదిలించడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఎవరింట్లో పట్టు ఉడికినా "జర వచ్చి చూడు పెద్దమ్మా" అని పిలుచుకుపోయేవాళ్లు. పోగు తీసి వేళ్ల మధ్య నలిపి "దించుండ్రి" అంటే దించాల్సిందే.

భువనగిరి జిల్లా అయిన ఏడాది, కొడుకు విజేందర్ అక్కడికి తీసుకుపోయి కట్టుడు పళ్లు పెట్టించాడు. ఆమె మళ్లీ జొన్నరొట్టె తింది, వేయించిన శనగలు కూడా నమిలింది. తర్వాత ఎందుకో జావలోకి దిగింది. పొద్దున జావ, మధ్యాహ్నం మజ్జిగలో పిసికిన మెతుకులు, రాత్రి చాయ్‌లో నానేసిన బన్ను. పళ్లు మాత్రం నలుగురిలోకి వచ్చేటప్పుడు పెట్టుకునేది. రైక వదులైంది. మేకుల చట్రం, ఆసు మీద నూలు పోస్తుంటే చెయ్యి మధ్యలోనే వాలిపోయేది. దవాఖానలో రక్తం లేదన్నారు. గుడ్లు, పప్పు, మాంసం పెట్టమన్నారు.

ఒక ఆదివారం విజేందర్ నాటుకోడి కోయించి నన్నూ పిలిచాడు. గుర్వమ్మ ఒక ముక్కను ఈ దవడకూ ఆ దవడకూ మార్చి మార్చి, చివరికి కొంగులోకి ఊసింది.

"సచ్చినంక గూడ ఉరుకుతాంది గీ కోడి," అంది.

నేను నవ్వాను. కోడలు మంజుల నవ్వలేదు.

"కోడి మంచిగనే ఉన్నది అత్తా. వండిన చెయ్యే నీకు సయిస్తలేదు. ఊరంత నేనే నీ కడుపు మాడుస్తున్ననంటున్నరు. నీ చెల్లె మొన్న నా మొఖం మీదనే అన్నది." గరిటె గిన్నెలో పడేసి ఏడ్చింది.

గుర్వమ్మ కంచంలో చెయ్యి ఆపింది. "నీదేం లేదు బిడ్డా. పండ్లే పాడైనయి. నేనే పాడు చేసుకున్న."

"ఎట్ల?" అన్నాడు విజేందర్.

"తమాకు మరకలు పోతలేవని సోడేసి ఉడకబెట్టిన. పట్టులెక్క తెల్లగైతయనుకున్న. వంకరవోయినయి. పెట్టుకుంటే చిగుళ్లు కోస్తున్నయి."

ఇన్ని నెలల భయం ఒక్కసారి దిగిపోయి విజేందర్ పడీ పడీ నవ్వాడు. "పండ్లను ఉడకబెట్టిందట! ఊరందరి పట్టు ఉడికిచ్చిన పెద్దమనిషి!" ఏడుస్తున్న మంజులకూ నవ్వొచ్చింది. "కొత్తయి చేయిద్దాం తియ్యమ్మా, గీ దానికి ఫికరెందుకు?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

గుర్వమ్మ పళ్ల సెట్టు తీసి కంచం పక్కన పెట్టింది. దవడలు లోపలికి పోయి ముఖం చిన్నదైపోయింది. చెయ్యి కడుక్కుంది. కొత్త పళ్లకు కొలత తీయడానికి ఆమె నోరు తెరవలేదని, చెల్లెలి ఇంట్లో జావ కూడా మానేసి కన్నుమూసిందని తర్వాత విన్నాను. ఆ పూట మాత్రం చెప్పులేసుకొని, గడప దగ్గర కూర్చున్న నన్ను దాటుకొని, "పోయొస్త" అన్న మాటైనా అనకుండా గల్లీలోకి నడిచింది.