పులుసు కాదు, కాల్చిన కోడి

చేపల పులుసు మర్నాటికే రుచి. మా ఒడ్డు మీద పుట్టినవాళ్లెవరూ ఈ మాట కాదనరు. రాత్రి దించిన దాక మీద మూత పెట్టి వదిలేస్తే, పులుపు ముక్కలోకి దిగి పొద్దున చద్దన్నంలోకి ఎంతో బాగుంటుంది. ఈ సూత్రాన్ని కాల్చిన కోడికి కూడా అంటగట్టబట్టే మా ఇంట్లో గొడవ మొదలైంది.

తొంభైల చివర, సర్కారు చేపల వేట ఆపించిన ఎండాకాలం. నేను పోర్టులో కలాసీని. మా ఆవిడకి టైఫాయిడ్ తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. జావ ఇస్తే మొహం తిప్పుకునేది. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేవి. "తింటేనే మనిషి దక్కుతుంది" అన్నాడు డాక్టరు. తిననంటే ఏం చెయ్యాలో చెప్పడు. వాళ్లకేం, చీటీ రాసి చేతులు దులిపేసుకుంటారు.

వేట లేక మా బావమరిది వంటమేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ఓ రాత్రి నేను షిఫ్టుకెళ్లాక, దువ్వాడలో ఏదో ఫంక్షన్‌లో మిగిలిన కాల్చిన కోడిని కవరులో కట్టి తెచ్చాడట. ఆవిడ చిన్న ముక్క కొరికి, మిగిలింది రేపటికి ఉంచమందట. ఫ్రిజ్ లేని కొంప. ఆ ఉక్కలో రాత్రంతా కోడి దాకలోనే ఉంది.

పొద్దున నేను వచ్చేసరికి వాడు దాన్ని పెనం మీద వెచ్చబెడుతున్నాడు. ఆవిడ పళ్లెం ముందు కూర్చుని ఉంది. తనంతట తాను పళ్లెం ముందు కూర్చోవడం ఎన్నాళ్లకో చూశాను.

"రాత్రంతా బయటే ఉందేట్రా?"

"పులుసు ఉండదేటి బావా? ఇదీ అంతే."

"పులుసులో సింతపండుంది. ఇందులో ఏటుంది?"

"అయితే కుతకుతమనీదాకా తెర్లబెడతాను."

"తెర్లితే పురుగు సత్తాది. అది కక్కిన విషం సత్తాదేటి?"

"మళ్లీ మొదలెట్టేడప్పా, పకోడీ పొట్లాల సదువు!"

నిజమే. బడి మొహం చూడనివాణ్ణి, పొట్లాల కాగితాలు చదివే అక్షరం నేర్చుకున్నాను. అయితే ఏం? వాడు నా కళ్లెదుటే ఒక ముక్క నమిలి మింగాడు. "సూడు, సచ్చిపోనానా?" అన్నాడు. చావలేదు. ఆ తర్వాతా వాడికేం కాలేదు, అదీ చెప్పాలి.

నేను ఆవిడ ముందు నుంచి పళ్లెం తీసేశాను.

"నోటికాడ ముద్ద లాగేత్తన్నావేటయ్యా?" అంది. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. అనకూడని మాట అన్నాను.

"మీ నాన్న రోజూ తెప్పేసుకుని ఎల్లి తిరిగొచ్చీవోడు. అందుకని సంద్రం ముంచదనుకున్నామేటి?"

ఆ ముసలాయన ఒకరోజు తిరిగి రాలేదు. బావమరిది పెనం దించేశాడు. కుక్కలకు కూడా వెయ్యకుండా, ఇసకలో గొయ్యి తీసి ఆ కోడిని పాతిపెట్టి వచ్చాను.

ఆ పూట ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు జావ కూడా తాగలేదు. విషం తప్పించి ఆకలితో చంపుతున్నానా అని వీధిలో పిచ్చివాడిలా తిరిగాను. కాగితాల్లో దీనికి జవాబు ఎవడూ రాయలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం బావమరిది తువ్వాలులో చుట్టిన గిన్నెతో పరుగున వచ్చాడు. పక్కవీధిలో పెళ్లి వంట.

"మంట మీంచి ఇటే తెచ్చినాను బావా. సెయ్యి కాల్తంది, సూడు!"

వేడి మీదే ఎముకల నుంచి కండ ఒలిచి, సన్నగా చీరి, చింతపండు రసంలో వేశాడు. దాకంతా కుతకుత తెర్లాక, పెద్ద ముక్కని విరిచి లోపలా పొగలొస్తున్నాయని నాకు చూపించి మరీ దించాడు. ఆవిడ కొంచెం అన్నంలో కలుపుకుని మెల్లగా తింది. మిగిలింది మా ఇద్దరి ముందుకి తోసింది.

"రేపటికన్నారంటే ఊరుకోను. కూకుని తినేయండి."

దాక ఖాళీ చేశాం. పొద్దువాలాక ఆవిడ మంచం మీంచి పిలిచింది.

"దాకలో ఏటీ మిగల్లేదా?"

ఆకలేసిన మనిషి గొంతు అది.