బాగైపోయానని చెప్పమన్నారు

మా చర్చిలో సాక్ష్యం చెప్పడం అనేది ఒకటుంది. దేవుడు మేలు చేశాడనుకున్న మనిషి ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, ఆ మేలేమిటో అందరి ముందూ చెప్పాలి. జ్వరం తగ్గినా చెప్తారు, ఉద్యోగం వచ్చినా చెప్తారు. వినేవాళ్లు స్తోత్రం అంటారు. మంచి అలవాటే, నేను కాదనను. నా ప్రాణం మీదికి తెచ్చింది కూడా అదే.

మొదటి పెళ్లయ్యాక తడలో ఉండేదాన్ని. అతనికి అక్కడికి దగ్గర్లో ఒక కంపెనీలో పని. కొట్టేవాడు. ఎందుకు కొట్టేవాడని ఇప్పటికీ అడుగుతారు జనం. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఒకసారి ఓర్చుకోలేక పుట్టింటికి, బిట్రగుంటకి వచ్చేశాను. అయ్యగారూ అమ్మగారూ, అంటే మా పాస్టరుగారూ ఆయన భార్యా, మూడు వారాలపాటు మా ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. మూడో వారం అతనొచ్చి అయ్యగారి ముందు భోరున ఏడ్చాడు. ఇంకేం, ఆ ఆదివారమే నన్ను లేపి నిలబెట్టారు. "నా భర్త మారిపోయాడు" అని చెప్పాను. చర్చంతా చప్పట్లు. తడకి వెళ్లిన నాలుగో రోజు మళ్లీ కొట్టాడు.

అప్పుడైనా తిరిగి రావాల్సింది కదా అని మీరనొచ్చు. ఏ మొహం పెట్టుకుని రాను? మారిపోయాడని దేవుడి పేరు మీద చెప్పినదాన్ని నేనే కదా. మారలేదంటే దేవుణ్ణే అబద్ధాలకోరుని చేసినట్టని భయం. ఆ ఒక్క మాటకి కట్టుబడి ఇంకో రెండేళ్లు తన్నులు తిన్నాను. ఎడమ చెవి సగం వినపడకుండా పోయాక గానీ తడ వదల్లేదు.

విడాకులు వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బిట్రగుంటలో రైల్వే కాలనీకి వెళ్లే దారిలో చిన్న గది తీసుకుని కుట్టుమిషను పెట్టుకున్నాను. పొద్దున లేవడం, కుట్టడం, తినడం, పడుకోవడం. ఎవరైనా "ఎట్టుండావు?" అంటే "ఉండా" అనేదాన్ని. అంతకంటే చెప్పే ఓపిక లేదు. ఏళ్లు అలాగే గడిచాయి.

అప్పుడొచ్చాడు ఈయన. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. భార్య పోయి మూడేళ్లయింది. తిండి సరిగా లేక చిక్కిపోయి, ప్యాంట్లన్నీ నడుం దగ్గర బిగించమని తెచ్చాడు. బజారులో అందర్నీ పిలిచినట్టే అన్నా అని పిలిచాను. ప్యాంట్లయ్యాక చొక్కాలు తెచ్చాడు. చొక్కాలయ్యాక దిండు గలీబులు. ఒకరోజు తెచ్చిన గలీబు చూస్తే, కుట్టు దానంతటది ఊడింది కాదు, బ్లేడుతో విప్పింది.

"ఏందన్నా ఇది, మీరే కోసి తెచ్చినారా?" అన్నాను.

"ఇంట్లో చినిగినయ్యి ఇంకేం లేవు" అన్నాడు తల వంచుకుని.

ఎన్నేళ్లకో నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి అన్నా అనడం మానేశాను. బదులుగా ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవలేదు. నా ఎడమ చెవి సంగతి ఆయనకి నేను చెప్పలేదు. ఆయనే గమనించి, అడక్కుండా కుడివైపుకు జరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రేమించావా అంటే, ప్రేమించాను. నలభై దాటినదాన్ని, ఇంకా సిగ్గెందుకు?

ఒక సాయంత్రం షట్టరు దించడానికి నా వెనక నుంచి చెయ్యి పైకెత్తాడు. అంతే, నేను రెండు చేతులూ తలమీద పెట్టుకుని కింద కూలబడ్డాను.

"ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"సూది పడింది" అన్నాను.

పాపం, నేల మీద కూర్చుని ఫోన్ లైటు వేసి పావుగంట వెతికాడు. పడని సూది ఎక్కడ దొరుకుతుంది? నామీద నాకే ఒళ్లు మండిపోయింది. అయినా నిజం చెప్పలేదు. మీ చెయ్యి లేస్తే నాకు భయమని, ఏ పాపం ఎరగని మనిషితో ఎలా అంటాను? అంటే వదిలేసి పోతాడని భయం కూడా ఉంది.

పెళ్లి ఖాయమైంది. మా చర్చిలో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. రెండు అయిపోయాయి. మూడోదానికి రెండు రోజుల ముందు అమ్మగారు షాపుకొచ్చారు.

"ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాలమ్మా. దేవుడు నన్ను పూర్తిగా బాగు చేసినాడు అను. రెండు ముక్కలు చాలు."

"పూర్తిగా కాలేదమ్మగారూ."

"విశ్వాసంతో చెప్పు. అదే అవుద్ది."

పోయినసారి కూడా ఈ మాటే అన్నారు. చెడ్డావిడ కాదు. చెడ్డావిడైతే నాలుగు తిట్టి పంపేదాన్ని, పీడా పోయేది.

ఆదివారం ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగారు. ఎవరికీ లేదు. అమ్మగారు నావైపు చూసి తలూపారు. లేచాను. "దేవుడు నన్ను" అని మొదలుపెట్టాను. బాగు చేశాడు అనేస్తే అయిపోతుంది. మగవాళ్లు కూర్చునే వైపు చూస్తే, ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్నే చూస్తున్నాడు. ఈ మాట అంటే ఇక బతికినన్నాళ్లూ దానికి కట్టుబడాలి. ఈయన ఇంట్లో కూడా రోజూ ఏదో ఒక అబద్ధం వెతుక్కోవాలి. అబ్బ, ఇక నావల్ల కాదనిపించింది.

"నేను బాగవలేదు" అన్నాను. "పోయినసారి ఇక్కడే నిలబడి, నా మొగుడు మారిపోయినాడని చెప్పినా. అది నిజం కాలేదు. ఈసారి చెప్పను. ఎవరన్నా చెయ్యెత్తితే ఇప్పటికీ భయమే నాకు. ఈయన ఎత్తినా భయమే. ఆ రోజు సూదేం పడలా. అంతే."

కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక బయట మా పిన్ని నా చెయ్యి గిల్లింది. "అంతమందిలో మగోడి పరువు తీసినావు గదే! ఇంకేం చేసుకుంటాడు నిన్ను?" అంది. నిజమేననిపించింది. పిన్నిని పంపేసి మెట్ల దగ్గర నిలబడ్డాను. కాసేపటికి ఈయన వచ్చాడు. మొహం నల్లబడిపోయి ఉంది.

"నన్ను చూసినా భయమేనా?"

"మిమ్మల్ని చూసి కాదు. చెయ్యి లేస్తే."

"నేనేనాడన్నా..."

"లేదు. అయినా భయమే."

"ఎన్నాళ్లుంటది?"

"తెలీదు."

"నాకు బాధగా ఉండాది" అన్నాడు.

ఆ మాట వినగానే నా ఒళ్లు బిగుసుకుపోయింది. మగవాడికి బాధ కలిగితే ఆ తర్వాత ఏమొస్తుందో నాకు బాగా తెలుసు. పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకుని, దానికోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో. ఏమీ రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. రెండు చేతులూ ఒళ్లో కదలకుండా పెట్టుకుని, కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నా, తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తకుండా ఏడుస్తున్నాడు.

నేనే వంగి, నా కొంగుతో తుడిచాను.