పిట్టకు కావలి

నా చిన్నప్పుడు నన్ను అందరికంటే ఎక్కువగా విసిగించిన మనిషి ఎవరంటే, క్షణం ఆలోచించకుండా మా నాయనమ్మనే చూపిస్తాను. ఆమె చెడ్డదని కాదు. నన్ను చంకనేసుకుని పెంచిందే ఆమె. కానీ ఒక ఎండాకాలం మధ్యాహ్నం టీవీ ముందు కాళ్లు బార్లా చాపుకుని, చేతిలో వీడియో గేమ్ రిమోటు పట్టుకుని, ఆమె నన్ను పెట్టిన తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

అప్పటికింకా మా సిరోంచ దగ్గర ప్రాణహిత మీద వంతెన పడలేదు. అవతలి ఒడ్డు నుంచి ఏది రావాలన్నా పడవ ఎక్కాల్సిందే. మంచిర్యాలలో పనిచేసే మా చిన్నాయన ఆ సెలవులకు ఒక వీడియో గేమ్ డబ్బాను తువ్వాలలో చుట్టి, తడవకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. డబ్బాతో పాటు రెండు రిమోట్లు, పసుపు రంగు క్యాసెట్టు ఒకటి. క్యాసెట్టు మీద వేల ఆటలున్నాయని గొప్పగా అచ్చేశారు. తీరా పెట్టి చూస్తే ఉన్నవి ఐదారు. అవే పేర్లు మార్చుకుని, రంగులు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. అయినా మాకు అదే పండుగ. బాతులను కొట్టే ఆట, మోటారు సైకిళ్ల పందెం, ఇటుకలను తలతో గుద్దుకుంటూ ఎగిరే ఆట, అన్నీ ఆడేవాళ్లం. నాకు మాత్రం ట్యాంకుల ఆటంటే ప్రాణం. అందులో తెర అడుగున, ఇటుక గోడల మధ్య ఒక పిట్ట బొమ్మ ఉంటుంది. పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతాయి. మన ట్యాంకుతో వాటన్నిటినీ పేలిస్తే తర్వాతి స్టేజికి పోతాం. పిట్టకు ఒక్క దెబ్బ తగిలిందా, ఆట ఖతం. ఇద్దరు కలిసి ఆడొచ్చు.

డబ్బాను పక్కనే ఉన్న పెద్దనాయన ఇంట్లో పెట్టారు, కలర్ టీవీ వాళ్లకే ఉందని. పెద్దనాయన కొడుకులిద్దరూ నాకంటే పెద్దవాళ్లు. నన్ను ఆడనివ్వకపోతే ఏడుస్తానని ఒక రిమోటు నా చేతికిచ్చారు. నేనూ వేళ్లు నొప్పి పుట్టేదాకా నొక్కాను, ట్యాంకు కదిలినప్పుడల్లా నేనే కదిలించానని ఎగిరాను. మూలన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ, తల కూడా ఎత్తకుండా, చల్లగా ఒక మాట అంది.

“నీ రిమోటు తీగ డబ్బాకు లేదే బిడ్డా. మంచం కింద పడున్నది.”

నేను ఇల్లు పీకి పందిరేశాను. చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు ఆయన తిరిగి పోవాలి, డబ్బాను మాత్రం మాకే వదిలిపోతానన్నాడు. అందుకని ఒక పంచాయితీ చేశాడు. ట్యాంకుల ఆట రెండు జట్లుగా ఆడాలి. ఎక్కువ దూరం పోయిన జట్టు ఇంట్లోనే బడి తెరిచేదాకా డబ్బా ఉంటుంది. లోడ్ షెడ్డింగ్ వేళకు కరెంటు పోతుంది కాబట్టి ఆలోపే తేలిపోవాలి. అంటే ఓడిపోయానంటే సెలవులన్నీ నాకు ఆ ఊడిన తీగే గతి.

వాళ్లు ఇద్దరున్నారు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. నీకు జోడీ ఎవరని చిన్నాయన అడిగేలోపే నాయనమ్మ చేతికంటిన చింతపండు కొంగుకు తుడుచుకుని, తాను ఆడతానని వచ్చి కూర్చుంది. అందరూ పడీపడీ నవ్వారు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

ముందుగా నేర్పించుకోమన్నారు. ఏ బటన్ ఏం చేస్తుందో ఆమెకు చూపించాను. ఆట మొదలైంది. మా నాయనమ్మ ట్యాంకును గిర్రున వెనక్కి తిప్పి, గోడ పగలగొట్టి, పిట్టను కొట్టేసింది. ఆట ఖతం. మళ్లీ పెట్టాను. మళ్లీ పిట్టనే కొట్టింది. శత్రువుల ట్యాంకులు పక్కనుంచి పోతున్నా వాటి వంక చూడలేదు. నేను నెత్తి బాదుకుని ఎందుకలా చేస్తున్నావని అడిగితే, పిట్ట కనబడితే కొట్టకుండా ఊరుకుంటారా అని నన్నే ఎదురడిగింది. ఆమె బతుకంతా వరి చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన మనిషి. పైగా అంతకు ముందు రోజే బాతులను కొట్టే ఆట చూపించి చప్పట్లు కొట్టింది నేనే. ఈ పిట్ట మనదని, దీన్ని కాపాడుకోవాలని చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. ఆ ముక్క ముందుగా చెప్పొద్దా అని ఆమె నన్నే కసిరింది.

అన్నలు ముందు ఆడారు. వాళ్ల చేతివాటం గొప్పదే, ఒప్పుకోవాలి. కానీ తెర మీద ట్యాంకు బలం పెంచే చుక్క గుర్తు కనబడితే చాలు, దానికోసం ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ పైకి ఉరికేవారు. ఐదో స్టేజిలో అలాగే ఉరికినప్పుడు ఒక ట్యాంకు పక్కగా జారుకుని వచ్చి, తీరిగ్గా వాళ్ల పిట్టను పేల్చింది. తప్పు నీదంటే నీదని ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు.

మా వంతు వచ్చింది. నేను పైకి దూసుకుపోయాను. వెనక్కి చూస్తే నాయనమ్మ ట్యాంకు పిట్ట పక్కనే మేకు దిగ్గొట్టినట్టు నిలబడి ఉంది. రమ్మని అరిచాను. కదల్లేదు. దగ్గరికి పోయి ఆమె ట్యాంకునే ఒకటి పేల్చాను, అప్పుడైనా కదులుతుందని. ఆ ఆటలో తోటివాడిని కొడితే ట్యాంకు కాసేపు బిగుసుకుపోయి మిణుకుమిణుకుమంటుంది. కదలమంటే ఇంకా కదలకుండా చేసుకున్నాను. నా ఖర్మ.

“నువ్వు పో బిడ్డా. ఈడ నేనున్న,” అంది నాయనమ్మ.

ఆమె చోటు విడిచింది ఒకే ఒక్క గుర్తు కోసం. తెర మీద పార బొమ్మ వస్తే దాన్ని తీసుకున్నవాళ్ల పిట్ట చుట్టూ ఇటుక గోడ కాస్తా ఇనుప గోడ అవుతుంది. మిగతావేవీ ఆమెకు పట్టలేదు కానీ పార మాత్రం పట్టింది. గట్టు ఎత్తుకోవాలి కదా అంటూ పోయి తెచ్చుకుని, అదే దారిన వచ్చి పిట్ట పక్కన నిలబడింది. ఆమె నత్తనడకకు నాకు ఒళ్లు మండిపోతోంది. గడియారం చూస్తే కరెంటు పోయే వేళ దగ్గర పడింది.

ఐదో స్టేజి చేరాం. ఆవేశపడి, ఒకటి పోతే ఒకటిగా నా వంతు ట్యాంకులన్నీ పోగొట్టుకున్నాను. తెర మీద ఇక నాయనమ్మ, పిట్ట, పై మూలన చెట్ల చాటున తిరుగుతున్న ఒకే ఒక్క శత్రువు ట్యాంకు. దాన్ని కొడితే ఆరో స్టేజి. గెలుపు మాదే. పోయి కొట్టమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె భుజం పట్టుకుని ఊపాను. నాయనమ్మ తెర మీద నుంచి చూపు తిప్పకుండా, నెమ్మదిగా చెప్పింది.

“మీ తాత ఒక్క పంది ఎన్కబడి వాగు దాక ఉరికిండు. గుంపంత ఇటు దిక్కుకెళ్లి చేన్ల వడ్డది. ఆ యేడు బువ్వకు కరువైంది. అప్పటి సంది నేను మంచె దిగలే.”

అంతే, కరెంటు పోయింది. పంకా ఆగింది, టీవీ నల్లబడింది, నా ఆశా నల్లబడింది. రెండు జట్లూ ఐదో స్టేజిలోనే ఆగాయని, ఎలాగూ డబ్బా కలర్ టీవీ దగ్గరే ఉండాలని అన్నలు గోల మొదలుపెట్టారు. చిన్నాయన చేయెత్తి వాళ్ల గోల ఆపాడు.

“మీ పిట్ట సచ్చింది. మా అమ్మ పిట్ట బతికే ఉన్నది,” అన్నాడు. “డబ్బా ఆ ఇంటికే పోతది.”

ఆ సెలవులన్నీ మా చిన్న నలుపు తెలుపు టీవీలో అన్నలూ నేనూ కలిసి ఆడాం. నాయనమ్మ మళ్లీ రిమోటు ముట్టలేదు. ఆట మొదలయ్యే ముందు మాత్రం వచ్చి, రెండు తీగలూ డబ్బాకు ఉన్నాయా లేవా అని వంగి చూసి పోయేది.

నేను అత్తగారింట్లో పాతబడ్డాక ఒకసారి మా మామగారిని గడ్చిరోలి ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఇంటిల్లిపాదీ జీపెక్కారు. పిల్లలు చిన్నవాళ్లు, కళ్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. నేను రానన్నాను. రాతి గుండె అన్నారు. సాయంత్రానికి వాన వచ్చింది. పిల్లలను వసారాలో కూర్చోబెట్టి, తాటిపత్రిలు లాగి ఒక్కదాన్నే వడ్లు కప్పాను. వాళ్లు తిరిగొచ్చాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొన్న నా కొడుకు అదే ట్యాంకుల ఆటను ఎక్కడో సంపాదించి టీవీకి తగిలించాడు. జోడీ లేక నన్ను కూర్చోబెట్టాడు. వాడు పైకి దూసుకుపోయాడు. నా ట్యాంకు ఎప్పుడు పోయి పిట్ట పక్కన నిలబడిందో నాకే తెలియదు. వాడు విసుక్కున్నాడు, అరిచాడు, చివరికి నా ట్యాంకునే ఒకటి పేల్చాడు. అది బిగుసుకుపోయి మిణుకుమిణుకుమంటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నువ్వు పో బిడ్డా,” అన్నాను. “ఈడ నేనున్న.”