ముక్కు లారీకి ఎడమ కొమ్ము

మా ఆయన వాదించకుండా నా మాటకు ఒప్పుకున్న రోజే నాకు అనుమానం వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన నా మీద గొంతు పెంచిందీ లేదు, నేను చెప్పినదానికి ఒప్పుకున్నదీ లేదు. "చూద్దాం" అంటాడు. ఆ ఒక్క మాట కింద మా ఇంట్లో చాలా పనులు ఏళ్ల తరబడి దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాయి. అలాంటి మనిషి, లారీ ఛాసిస్ మార్చేయాల్సిందేనని నేను అనగానే, పళ్లెంలోంచి తల ఎత్తకుండా "సరే తియ్" అన్నాడు. పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయాడు.

ఆ లారీ మా మామయ్యది. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి వరంగల్ మార్కెట్టులో అందరూ దాన్ని ముక్కు లారీ అంటారు. మామయ్య గింజల వ్యాపారం మొదలుపెట్టింది దానితోనే. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా దుకాణానికి సరుకు తెచ్చేవి వేరే బండ్లు. పత్తి రోజుల్లో మాత్రం మా ఆయన దీన్ని సరదాకి బయటికి తీసి తిప్పుతాడు. మిగతా ఏడాదంతా కడుగుతాడు, తుడుస్తాడు, చుట్టూ తిరిగి చూసుకుంటాడు. నా మోకాలి నొప్పి సంగతి అడగడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ, దాని బ్యాటరీలో నీళ్లు మరిచిపోయిన రోజు లేదు.

ఈసారి నర్సంపేట నుంచి పత్తి తెస్తూ, ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి ముందు చక్రాన్ని రోడ్డు పక్క మురుగు మోరీలో దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి స్టీరింగు మీద చెయ్యి కొంచెం సడలిస్తే చాలు, బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. షెడ్డుకు తీసుకుపోతే, కింద దూరి చూసిన మేస్త్రి ఛాసిస్ పగిలిందన్నాడు. లారీ అడుగున పొడవునా రెండు ఉక్కు దూలాలుంటాయి. ఇంజను, క్యాబిన్, వెనక తొట్టి అన్నీ వాటి మీదే కూర్చుంటాయి. అదే ఛాసిస్. అందులో ఎడమ దూలం ముందు భాగాన చీలిక కనిపించిందట.

ఈ మేస్త్రి మామయ్య కాలం నుంచీ మా బండ్లు చూస్తున్నాడు. నేను భాయ్ అంటాను, ఆయన భాభీ అంటాడు. నోరు మాత్రం నాకంటే ఒక మెట్టు పైనే. పగిలిన ఛాసిస్‌కు వెల్డింగు పెడితే లోడు పడ్డప్పుడు దాని పక్కనే మళ్లీ విరుగుతుందని, పాత సామాన్ల యార్డులో ఇదే రకం లారీది మంచి ఛాసిస్ ఒకటి పడి ఉందని, దాన్ని తెచ్చి పైవన్నీ దాని మీదికి దించేస్తే పీడా పోతుందని చెప్పాడు. నాకు సబబుగానే తోచింది. విరిగిన దూలం మీద కూర్చుని రోడ్డు మీద తిరగబోయేది నా మొగుడు. ఇంట్లో కూర్చుని ఫికర్ పడాల్సింది నేను. అందుకే ఆ పూట భోజనాల దగ్గర అంత గట్టిగా చెప్పాను.

మర్నాడు బజారు పని మీద వెళ్తూ షెడ్డులోకి తొంగి చూశాను. మా ఆయన కుడి ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని, కిరసనాయిలు గుడ్డతో ఛాసిస్‌ను ఒకచోట తుడుస్తున్నాడు. జిడ్డు పోయేకొద్దీ ఉక్కులో గుద్దిన అంకెలు బయటపడుతున్నాయి. ఛాసిస్ నంబరు. బండి పుస్తకంలో ఉండేది అదే, సర్కారు లెక్కలో లారీకి అదే పేరు. వేరే ఛాసిస్ వేస్తే దాని నంబరే రాయించుకోవాలి. అంటే పైన కనిపించేదంతా మాదే అయినా, కాగితాల మీద మాత్రం అది యార్డులో తుప్పు పట్టిన ఎవరిదో లారీ అవుతుంది. ఈ సంగతి మేస్త్రి మా ఆయనకు ముందే చెప్పాడట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన గుడ్డ మడత పెడుతూ అన్నాడు: "గా ఛాసిస్ మారిస్తె ముక్కు లారీ ఉంటది. నాయిన లారీ ఉండది. నువ్వు చెప్పింది కరెక్టే, జాగ్రత్త ముఖ్యం. అందుకే సరే అన్న."

వాదనలో గెలిచి కూడా కడుపు నిండకపోవడం నాకు అలవాటు లేదు. చేతిలో సంచీ అక్కడే స్టూలు మీద పడేసి మేస్త్రిని పిలిచాను. పగిలింది ఒక్కచోటా, మొత్తమా అని అడిగాను. ఒక్కచోట పగిలిందంటే మొత్తం అలసిపోయినట్టేనన్నాడు. మొత్తం చూశావా అంటే, ఈ బండిని ఇప్పుడు కొత్తగా చూడాల్నా భాభీ అని నవ్వాడు.

"చూడకుండ చెప్పేటోణ్ని జోతిష్యుడంటరు భాయ్, మేస్త్రి అనరు. సుత్తె ఇయ్యి."

నేను పుట్టి పెరిగింది డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో. మా నాన్న పని ఏమిటంటే, స్టేషన్లో రైలు ఆగగానే పొడుగాటి కర్ర సుత్తె పట్టుకుని డబ్బా డబ్బా చక్రాలు కొట్టుకుంటూ పోవడం. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. బీట పడ్డది గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. సెలవుల్లో ఆయన వెనకే ప్లాట్‌ఫారం మీద నడుస్తూ ఆ తేడా నేర్చుకున్నాను. డిగ్రీలో నేర్చుకున్నదంతా మరిచిపోయాను గానీ అది మాత్రం చెవిలో అలాగే ఉంది.

చీర కుచ్చిళ్లు ఎగదోపి వెనక నుంచి మొదలుపెట్టాను. కుడి దూలం మొదటి నుంచి చివరి దాకా ఖంగుమంది. ఎడమ దూలం కూడా తొట్టి కింద, క్యాబిన్ కింద ఖంగుమంటూనే వచ్చింది. పక్క షెడ్డు వాళ్లు పని ఆపి చూస్తున్నారు. మా ఆయన సిగ్గుపడాలో గర్వపడాలో తెలియక నా సంచీ పట్టుకుని వెనకే నడిచాడు. ముందు చక్రం దాటి, బంపరు పక్కన ఛాసిస్ కొస బయటికి పొడుచుకొచ్చే చోటికి రాగానే చప్పుడు మారింది. మట్టి గోడను కొట్టినట్టు దబ్ దబ్. ఆ కొసను మేస్త్రీలు కొమ్ము అంటారట. రెండు దూలాలకు రెండు కొమ్ములు. ముందు కమాన్ పట్టీల, అంటే కుదుపులు ఆపే ఉక్కు బద్దల, బరువు మోసేది అక్కడే.

"గీకు భాయ్" అన్నాను. ఆయన ఉలి తీసుకుని గీకాడు. పైన నల్ల రంగు, కింద ఎర్ర రంగు, దాని కింద బిళ్లలు బిళ్లలుగా గట్టిపడ్డ పసుపు, అందులో ఇరుక్కుపోయిన కుంకుమ. ఆ కిందిది ఇనుము కాదు. పాత అట్టలా పొరలు పొరలుగా రాలిపోతోంది. మేస్త్రి చేతిలో ఆ పొరను నలిపి చూసి, మా ఆయన ముఖం చూసి, ఇక ఆపుకోలేక పడీ పడీ నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది, తర్వాత నేనూ నవ్వాను.

మా అత్తమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి శుక్రవారం శుక్రవారం ఆ లారీకి బొట్టు పెట్టి, అదే కొమ్ము మీద కొబ్బరికాయ కొడుతుంది. బండి బయట ఉంటే తిరిగొచ్చాక కొడుతుంది. ఆ నీళ్లన్నీ బంపరు సందులోకి కారి, పసుపు ముద్ద కింద తడి ఆరకుండా ఉండి, ఇన్నేళ్లుగా ఉక్కును తీరిగ్గా తినేశాయి. మోరీ చేసింది ఆఖరి దెబ్బ మాత్రమే.

మిగతా దూలమంతా గట్టిగా ఉందని తేలాక మేస్త్రి కొత్త ఉపాయం చెప్పాడు. యార్డులోని ఛాసిస్ నుంచి ఎడమ కొమ్ము మాత్రం కోసి తెద్దాం, అడ్డంగా కోస్తే అతుకు దగ్గర విరుగుతుంది కాబట్టి ఏటవాలుగా కోద్దాం, లోపల మందం ప్లేటు వేసి బోల్టులతో బిగిద్దాం అన్నాడు. కుడి దూలాన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి నంబరు నంబరులాగే ఉంటుంది. మొదటి నుంచీ తన మనసులో ఉన్నది ఇదేనని కూడా అన్నాడు. పోనీలెమ్మని ఊరుకున్నాను.

ఇక ఈ కబురు అత్తమ్మకు ఎవరు చెప్పాలి? మా ఆయన దుకాణంలో అర్జంటు పని ఉందని జారుకున్నాడు. సాయంత్రం ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, కొబ్బరి నీళ్లు, తడి, తుప్పు, అన్నీ వివరంగా చెప్పాను. చెయ్యి ఆపకుండా వింది.

"కొబ్బరి నీళ్లకు కరిగితె అదేం ఇనుము పిల్లా?" అంది చివరికి. "ఇన్నేండ్లు ఆ బండి ఎవ్వనికి దెబ్బ తగలనియ్యలే. దేని పుణ్యమనుకుంటానవ్?"

"మరి మోరీలెందుకు పడ్డది అత్తమ్మా?"

"దానికి ముందటి శుక్రవారం మా తమ్మునింటికి పోయిన గద. కాయ కొట్టుమని నీకు చెప్పిపోయిన. కొట్టినవా?"

కొట్టలేదు. ఆ రోజు నేను హసన్‌పర్తిలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చుకున్న మనిషిని, నేనూ ఒక చిక్కుడుకాయ అందుకుని ఈనె తీయడం మొదలుపెట్టాను. ఆమె మాత్రం కొత్త కొమ్ముకు కాయ కొట్టనని, కింద రాయి వేస్తే దాని మీద కొడతానని తనంతట తానే ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. బాగయిన బండిలో మొదట తానే ఎక్కాలి. కొడుకు అది నాయిన లారీ అంటే నమ్మదట, మేస్త్రి అన్నా నమ్మదట, తాను ఎక్కి చూసి చెబుతుందట.

పని పూర్తయిన ఆదివారం ముగ్గురం క్యాబిన్లో ఎక్కాం. ఆమెను ఎక్కించడానికి స్టూలు, నా భుజం, మేస్త్రి సలహాలు అన్నీ కావాల్సి వచ్చాయి. నేను మధ్యలో, గేరు రాడ్డుకు మోకాలు తగలకుండా ముడుచుకుని కూర్చున్నాను. హన్మకొండ దాటాం. మా ఆయన స్టీరింగు మీద చేతులు సడలించి చూశాడు. బండి నేరుగా పోయింది. అయినా ఆయన తల్లి వైపు చూడలేదు. ఆమె కిటికీ కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని, పరీక్ష రాస్తున్నట్టు కూర్చుంది.

హసన్‌పర్తి దగ్గర పెద్ద స్పీడ్ బ్రేకరు వచ్చింది. మెల్లగా పోనియ్యండి అని నేను అనేలోపే ఎక్కేశాడు. ముందు చక్రాలు దిగాయి, వెనకవి దిగాయి, ముగ్గురమూ సీటు మీంచి లేచి మళ్లీ సీట్లో పడ్డాం. నేను కింద ఎక్కడైనా చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాను. అత్తమ్మ నడుం పట్టుకుని కళ్లు తెరిచింది.

"ఆయన కూసోబెట్టుకున్నప్పుడు గూడ గిట్లనే ఎత్తేసేది" అంది. "గదే బండి కొడుకా. ఆయన బండే."

మా ఆయన గేరు మార్చాడు. కొంచెం ముందుకు పోయి, ఖాళీ జాగా చూసుకుని బండి తిప్పాడు. ఇంటికే పోతున్నాం అనుకున్నాను. తిన్నగా మళ్లీ ఆ స్పీడ్ బ్రేకరు మీదికే పోనిచ్చాడు, ఈసారి ఇంకాస్త జోరుగా. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లలా కేరింత కొట్టింది.