పడ్డదా అమ్మా?

మా అల్లుడి కొత్త కారులో తలుపు సరిగ్గా పడకపోతే టింగు టింగుమని కారే మొత్తుకుంటుంది. అది నోరు మూసుకున్నాక కూడా నేను భుజంతో తలుపును ఒకసారి నెట్టి చూస్తాను. "అత్తయ్యగారూ, బండికి అన్నీ తెలుసు" అని అల్లుడు నవ్వుతాడు. బండికి తెలిస్తే చాలదని నాకు నేర్పిన మనిషి పేరు యాదగిరి.

డెబ్భైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో నేను టైపిస్టును. గుంటూరు నుంచి వచ్చి సంగారెడ్డిలో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. మేనేజరుగారిదీ ఆ ఊళ్ళోనే కాపురం కనుక, ఆయన వచ్చే ఆఫీసు అంబాసిడర్ వెనక సీట్లో నాకూ, స్టోర్సు చూసే రావుగారికీ చోటు దొరికింది. దాని డ్రైవరు యాదగిరి. కొండాపూర్ వైపు రైతు కుటుంబం, నలభై దాటిన మనిషి. నా వైపు తలుపుది మహా మొండితనం. మొదటిరోజు నేను దాన్ని ధడేలున వేస్తే అతను వెనక్కి తిరిగి, "గట్ల గుద్దితె పడదమ్మా. జెర పైకి లేపి గుంజాలె. రెండు సప్పుళ్లు రావాలె. లాకు నొక్కి, భుజం ఆనిచ్చి సూడాలె. పడితె పడ్డదని చెప్పాలె" అన్నాడు. అందరం చెప్పేదాకా బండి కదిలేది కాదు. "ఏమయ్యా, రోజూ ఈ హాజరుపట్టీ ఏమిటి?" అని మేనేజరుగారు విసుక్కునేవారు. "మీరు గూడ జెప్పుండ్రి సార్" అనేవాడు యాదగిరి, ఏమాత్రం తొణక్కుండా. ఆయన గొణుక్కుంటూనే చెప్పేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. తలుపు వేయడం కూడా రానిదాన్నా!

ఆ మంటతోనే ఒక ఉదయం, ఒళ్ళో ఫైళ్లు సర్దుకుంటూ తలుపు లాగేసి, నెట్టి చూడకుండానే "పడ్డది" అనేశాను. కంది దగ్గర ఎడ్లబండి అడ్డం రావడంతో యాదగిరి కారును ఒక్కసారిగా కుడికి తిప్పాడు. నా తలుపు బార్లా తెరుచుకుంది. ఫైళ్లూ, టిఫిన్ క్యారియరూ రోడ్డు మీద పడ్డాయి. రావుగారు రెక్క పట్టుకుని లాగకపోతే నేనూ పడేదాన్నే. మేనేజరుగారు యాదగిరి మీద మండిపడ్డారు. అతను మొదట నావైపు తిరిగి, "దెబ్బ గిట్ల తగిలిందా అమ్మా?" అని అడిగాడు. తర్వాత ఆయనతో, "తప్పు నాదే సార్. దిగి సూడాల్సి ఉండె" అన్నాడు. నేను నోరు విప్పలేదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అతనిదీ కాలేదు.

ఆఫీసుకు చేరగానే మేనేజరుగారు యాదగిరిని పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తర్వు చెప్పి, టైపు చేసి తెమ్మన్నారు. నిర్లక్ష్యం అన్న మాట దాకా కొట్టాను. ఇక వేళ్ళు కదల్లేదు. ఆ కాగితాన్ని మిషన్లోంచి లాగి ఆయన ముందు పెట్టి, "నిర్లక్ష్యం నాదండీ. చూడకుండానే పడిందని అబద్ధం చెప్పాను" అన్నాను.

"అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండీ."

ఆయన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, వెళ్లి పని చూసుకోమన్నారు.

సాయంత్రానికి సంగతంతా యాదగిరికి తెలిసింది. సిగ్గుతో తల దించుకునే కారెక్కాను. తలుపు లేపి లాగాను, రెండు చప్పుళ్లు విన్నాను, లాకు నొక్కి భుజం ఆనించాను. "పడ్డదా అమ్మా?" అని అతను ఎప్పటిలాగే అడిగాడు. "పడ్డది" అన్నాను. "ఒకసారి దిగి చూడవయ్యా" అన్నారు మేనేజరుగారు.

"అమ్మ జెప్పింది గద సార్" అని యాదగిరి బండి తీశాడు.

నాకు ఏడుపు ఆగలేదు. కంది దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. అందుకే ఇప్పుడు అల్లుడు నవ్వినా నేనేమీ అనను. భుజం ఆనించి చూసి, ఎవరూ అడగకపోయినా, "పడ్డది" అంటాను.