ఏం రాదు సార్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘దేశం’ అన్న మాట వినబడితే చాలు, నేను అమ్మ కొంగు పట్టుకుని వదిలేదాన్ని కాదు. దేశం పోవడమంటే మా పాలమూరు పల్లెల్లో పనికోసం వలస పోవడం. మేస్త్రీ వచ్చి గుంపును కట్టుకుని, ఎక్కడో డ్యాము కట్టే చోటికి తీసుకుపోయేవాడు. దసరా దాటాక పోయిన మా అమ్మానాయనలు మళ్లీ వానలు పడేటప్పటికి గాని వచ్చేవారు కాదు. అన్నాళ్లూ నేను కొత్తకోట దగ్గరి మా పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. అమ్మమ్మ మంచిదే. కానీ అమ్మ కాదు కదా!

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వనపర్తిలో ఆడపిల్లల హాస్టల్‌కు వంటమనిషి కావాలని ఎవరో చెప్పారు. ఆ పని దొరికితే అమ్మ దేశం పోనక్కర్లేదు. నాయన ఒక్కడే పోతాడు, నేను అమ్మ దగ్గరే ఉంటాను. అప్పటి నా సంబరం చూడాలి! ఆ వారమంతా తోటిపిల్లలకు చెప్పి చెప్పి వాళ్ల ప్రాణం తీశాను.

ఆ పనికి మా అమ్మను మించిన మనిషి దొరకదని నాకు ఖాయంగా తెలుసు. డ్యాము దగ్గర గుంపులోని అరవై మందికీ వండిపెట్టేది ఆమే. ఒక ఏడు నన్నూ వెంట తీసుకుపోయారు కాబట్టి నా కళ్లతో చూశాను. అరవై మందికి జొన్నరొట్టెలు ఒక్కచేతి మీద చేసేది. ఎసరు కొలిచి పోయడం నేనెప్పుడూ చూడలేదు, కంటిచూపే కొలత. జ్వరమొచ్చినవాళ్లకు వేరే జావ కాచేది. కొత్త కోడలు పిల్ల నలుగురిలో తినడానికి సిగ్గుపడుతుంటే, ఆమె వంతు తీసి పక్కన దాచేది.

వనపర్తి బస్సులో అమ్మ నాకు ఒకటే చెప్పింది. “సార్ల ముందట నోరు తెరువకు. ఎచ్చులు వోతున్నరంటరు.” ఎచ్చులంటే గొప్పలు. మా వైపు గొప్పలు చెప్పుకునే మనిషికి విలువ లేదు. ఇంటికొచ్చినవాళ్లకు నాలుగు రకాలు చేసిపెట్టినా, ఏం చెయ్యలే, ఊకె ఉడకవెట్టిన అనాలి. ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకోవాలి. అట్లా ఉంటేనే మర్యాద తెలిసిన మనిషి. మా అమ్మకు ఆ మర్యాద కాస్త ఎక్కువే తెలుసు.

హాస్టల్ వరండాలో బల్ల వేసుకుని ఒక ఆఫీసరు కూర్చున్నాడు. అమ్మ చెప్పులు మెట్ల కిందే విడిచి, కొంగు భుజాల నిండా కప్పుకుని నిలబడింది. నేను ఆమె వెనకాల. పేరూ ఊరూ అడిగాక, నీకేం వచ్చమ్మా అన్నాడాయన.

“నాకేమొస్తది సార్, ఏం రాదు. మీరెట్ల చెప్తే గట్ల చేస్త,” అంది అమ్మ.

ఆయన తల ఎత్తి చూశాడు. ఎక్కువమందికి ఎప్పుడైనా వండావా అని మళ్లీ అడిగాడు, పాపం. “ఏదో జర ఉడకవెడ్త సార్,” అంది. అరవై మందికి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అమ్మ చెయ్యి వెనక్కి వచ్చి నా చెయ్యి నొక్కింది. నోరు మూసుకున్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, గొంతైనా పెంచలేదు. ఏమీ రాదన్న మనిషికి ఏమీ రాదనే రాసుకున్నాడు. మా తరువాత వచ్చినావిడ తాను ఎన్ని పెండ్లిళ్లకు వండిందో గడగడా చెప్పింది. పని ఆమెకే ఇచ్చారు. ఆమె అబద్ధాలాడిందని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. అదేం లేదు. ఆమెకు వంటా వచ్చు, వచ్చని చెప్పుకోవడమూ వచ్చు.

బయటికి వస్తుంటే గేటు పక్కన నల్లా దగ్గర ఆ హాస్టల్ ఆయమ్మ మమ్మల్ని ఆపింది. ముసలామె. అంతసేపూ వరండా ఊడుస్తూ అన్నీ వింది. అమ్మను ఏమీ అడగలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, “మీ అమ్మకేమొస్తది బిడ్డా? నువ్వు జెప్పు,” అంది. ఇక నన్ను ఆపేదెవరు! అరవై మంది, రొట్టెలు, ఎసరు, జావ, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. చెప్పి వెనక్కి తిరిగితే, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తన గురించి ఎవరైనా అట్లా చెప్పగా ఆమె ఎన్నడూ వినలేదు. నాయన కూడా ఎప్పుడూ ఒక మాట అన్నవాడు కాదు.

ఆయమ్మ నల్లా గట్టు మీద కూలబడింది. “గీ మాట గాడ జెప్తె అయిపోతుండె గద బిడ్డా! మనం తెల్వదంటె మర్యాద అనుకుంటం. గాళ్లు నిజంగనే తెల్వదనుకుంటరు.” లేచి లోపలికి పోయి బతిమాలింది కూడా. అప్పటికే సంతకాలు అయిపోయాయి. అయినా ఊరుకోలేదు. నన్ను ఆ హాస్టల్లో చేర్చుకునేలా వార్డెనమ్మను ఒప్పించింది.

అమ్మ దేశం పోయింది. రెండేళ్లు వానలకు తిరిగి వచ్చింది. మూడో ఏడు ఎండలు ముదరకముందే నాయన నేరుగా హాస్టల్‌కు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. జ్వరమట, దవాఖాన చాలా దూరమట. కడసారి చూపు కూడా నాకు దక్కలేదు.

ఆయమ్మ నన్ను కడుపునిండా ఏడవనిచ్చింది. తరువాత రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా నిలబెట్టి, ఆ రోజు నాకు కొత్తగా ఏమొచ్చిందో ‘నేను’ అని మొదలుపెట్టి చెప్పమనేది. తల దించుకుంటే గడ్డం పట్టి పైకెత్తేది. ఉన్నదానికి నాలుగు కలిపి చెబితే, గివి ఎచ్చులు అని నెత్తిన మొట్టేది. ఉన్నది ఉన్నట్టు చెబితే తల నిమిరేది. ఉన్నది చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదని నాకు మొట్టికాయలతోనే తెలిసింది.

పెద్దయ్యాక నేనే హాస్టల్ వార్డెన్‌నయ్యాను. పనికోసం వచ్చినవాళ్లను అడిగే కుర్చీలో నన్నూ కూర్చోబెట్టారు. నాగర్‌కర్నూల్లో చేసినా, తిమ్మాజిపేటలో చేసినా, ఏం రాదమ్మా అనేవాళ్లు వస్తూనే ఉండేవారు. నేను కలం పక్కన పెట్టి, వాళ్ల వెంట వచ్చిన చెల్లెలినో కూతురినో లోపలికి పిలిచి అడిగేదాన్ని. ఈమెకు వేరే పనిలేదా అని పక్కవాళ్లు నవ్వేవారు. నవ్వనీ, నాకేం పోయింది!

మొన్న నా మనవరాలు హైదరాబాదులో ఇంటర్వ్యూకు పోతూ, “నా గురించి చెప్పమంటరంట అమ్మమ్మా, ఏమున్నదని చెప్పాలె?” అంది. నాకు కోపం ముంచుకొచ్చింది. కూర్చోబెట్టి, ఆమెకు వచ్చినవన్నీ ఆమె నోటితోనే చెప్పించాను. బాగానే చెప్పింది. పిల్ల బస్సెక్కి వెళ్లిపోయాక ఇంట్లోకి వచ్చి చాలాసేపు ఏడ్చాను.

అమ్మ ఎంత నొక్కినా ఆ రోజు నేను నోరు తెరవాల్సింది. తొమ్మిదేళ్ల పిల్లవు, నీకేం తెలుసులే అని అందరూ ఓదారుస్తారు. అదే కదా నా బాధ. ఆ వరండాలో ఉన్న అంతమందిలో, మా అమ్మకేమొచ్చో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.