ముందు మీ జేబులు, తర్వాత మా ఇల్లు

నా చిన్నప్పుడు మా గల్లీలో నాకు అస్సలు గిట్టని మనిషి ఎదురింటి ఖాలా. ధూల్‌పేట్ దగ్గర మాకు బర్రెల కొట్టం ఉండేది. సాయంత్రం పాలు పితికే వేళకు చుట్టుపక్కల వాళ్లంతా గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్లు. మా తాతయ్య బర్రె పక్కన కూర్చోబోతుంటే చాలు, "చాచా, బకెట్ ఉల్టా కరో" అనేది ఖాలా. తాతయ్య బకెట్ బోర్లించి, అందులో చుక్క నీళ్లు లేవని అందరికీ చూపించి, అప్పుడు కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది. మేమేమన్నా దొంగలమా అని ఒకసారి తాతయ్యను అడిగేశాను కూడా. నవ్వి ఊరుకున్నాడు. నా ప్రశ్నకు జవాబు కొన్నాళ్లకు పోలీసులకు చెప్పాడు.

బేగంబజార్‌లో ఒక దుకాణంలో వెండి పట్టీలు పోయాయి. ఆ దుకాణదారు ఇంట్లో రోజూ పాలు పోసేది నాన్న తమ్ముడు, మా కాక. అనుమానానికి ఇంకేం కావాలి? సరిగ్గా పాలవేళకే ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు ఇల్లు సోదా చేస్తామంటూ వచ్చారు. ఇంట్లో ఒక్క పట్టీ దొరికినా కాకను తీసుకుపోతారని, ఆ తర్వాత మా గడప ముందుకు గిన్నె పట్టుకుని ఎవరూ రారని అంత చిన్నదాన్నైనా నాకు అర్థమైంది. కాక గుమ్మానికి అడ్డం నిలబడి, "లోపటికెట్ల వస్తరో చూస్త!" అని అరిచాడు. అమ్మేమో కొంగు నోట్లో కుక్కుకుని, "రానియ్యి, ఏం జూస్కుంటరో జూస్కోని పోనియ్యి" అని ఏడ్చింది. కొట్లాడటం, లేదంటే దండం పెట్టి తప్పుకోవడం. పెద్దవాళ్లకు ఈ రెండే తెలుసనుకున్నాను నేను.

తాతయ్య కాకను భుజం పట్టి పక్కకు జరిపాడు.

"తలాశీ చేయుండ్రి సాబ్. మీ పని మీరు చేయాలె, నేనొద్దంట లేను. గని లోపటికి వోయే ముందుగాల మీ జేబులు జర బోర్లియ్యుండ్రి."

ఎస్సై ముఖం ఎర్రబడింది. "ఏందీ? పోలీసోళ్లకే తలాశీనా? నెత్తి గిట్ల ఖరాబైందా?"

తాతయ్య చేతిలోని బకెట్‌ను ఎత్తి బోర్లించాడు. "గిది నేను రోజు చేస్త సాబ్. దొంగనని చేస్తనా? రేపు పాలల్ల నీళ్లున్నయని ఎవ్వలన్న అంటే, పిండకముందు బకెట్ల ఏం లేకుండెనని గీళ్లందరు చెప్తరు. మీకు గూడ గంతే. ఇంట్ల ఏదన్న దొరికితే అది మా ఇంట్లదే, మీతోని రాలేదని జడ్జి సాబ్‌కు ఎవ్వలు చెప్పాలె?"

అంతలో వెనక నుంచి తాతయ్యకు వత్తాసుగా ఖాలా గొంతు వినిపించింది. "సహీ బోల్రే చాచా. మాకు రోజు చూపిస్తడు సాబ్. మీకేం శరం?"

గిన్నెల గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఎస్సై కాసేపు తాతయ్య వైపు, కాసేపు బకెట్ వైపు చూశాడు. ఆఖరికి జేబులు బయటికి లాగాడు. ఒక దువ్వెన, జేబురుమాలు, నలిగిన వక్కపొడి పొట్లం. ఒక కానిస్టేబుల్ బీడీకట్ట తీసి చూపించాడు. రెండో ఆయన మాత్రం, "నేను బయటనే ఉంట సార్, జనాలను చూస్కుంట" అంటూ కుడితి తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

సాక్ష్యానికి ఖాలాను, పాల కోసం వచ్చిన ఇంకొకాయనను తాతయ్య వెంట పెట్టుకున్నాడు. ఆడవాళ్లు అర్రలోంచి బయటికి వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగారు. అంతటితో ఊరుకోకుండా, వాళ్లు చూడకుండా వదిలేసిన గడ్డి అర్ర తలుపు తానే తెరిచి, "ఇది గూడ చూడుండ్రి, మళ్ల వచ్చుడెందుకు" అన్నాడు. తవుడు బస్తాలు కూడా వెతికించాడు. ఏమీ దొరకలేదు. ఆ మాటే కాగితం మీద రాసి, ఒక నకలు మాకిచ్చి వెళ్లిపోయారు.

వాళ్లు మలుపు తిరిగారో లేదో కాక అందుకున్నాడు. "చూసినవా బాపు, ఆ బయట నిలవడ్డోని జేబులనే ఉన్నయి పట్టీలు!"

"నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు? వాని మొఖం చెప్తలేదా?"

"నీ మొఖం జూసే గద వాళ్లు మనింటికొచ్చింది" అన్నాడు తాతయ్య.

అప్పటికి బర్రెలు అరుస్తున్నాయి. తాతయ్య బకెట్ అందుకోగానే ఖాలా, "రెహనే దో చాచా, ఆజ్ నక్కో" అంది. ఇవాళ్టికి వద్దులే అని. తాతయ్య ఆమె ముందే బకెట్ బోర్లించి చూపించి, కూర్చున్నాడు.

తప్పు చేయనివాళ్లకు భయమెందుకు, పోలీసులను వెతకనీయొచ్చు కదా అని నాతో వాదించేవాళ్లు నేటికీ దొరుకుతారు. అదే మాట వెతికేవాళ్లకూ చెప్పండంటాను. తప్పు చేయని పోలీసుకు జేబు చూపడానికి భయమెందుకు? సోదాను వీడియో తీయాలని ఇప్పుడు చట్టమే చెబుతోంది. మంచిదే. కానీ ఆ కెమెరా గడప లోపల మొదలవుతుందా, బయటే మొదలవుతుందా? నన్నడిగితే మొదట జేబులను చూపించి, తర్వాత ఇంట్లోకి రావాలి. అసలు వెతకొద్దనేవాళ్లతోనూ నాకు పేచీయే. పట్టీలు పోయినవాడి కడుపుమంట కూడా కడుపుమంటే.

నేనిప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పరీక్షల రోజుల్లో చీటీల కోసం ఆడపిల్లలను తనిఖీ చేసే పని నాకు పడుతుంది. అధికారం నా చేతికి వచ్చాకే ఆనాడు ఎస్సై దిగమింగిన అహం ఎంత పెద్ద ముద్దో తెలిసింది. అందుకే హాలు బయట బల్ల మీద ముందు నా హ్యాండ్‌బ్యాగ్ బోర్లిస్తాను. కళ్లద్దాల డబ్బా, బీపీ గోలీలు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, అన్నీ పిల్లల ముందు పడతాయి. తోటి లెక్చరర్లు నవ్వుతారు. మొన్నొక పిల్ల, "మిమ్మల్ని ఎవరు అనుమానిస్తరు మేడం?" అంది. "అనుమానించొచ్చు, అది నీ హక్కే" అన్నాను.

బ్యాగు ఖాళీ అయింది. ఆ తర్వాతే నా చేయి ఆ పిల్ల జేబు వైపు వెళ్లింది.